పదికి ఎంత?

వడమాలపేట,
3 జూన్ 2024.

చిరంజీవి లోహితకు నీ మామ ధనంజయ దీవెనలు. వాటి వెనకాలే కొన్ని ఫిర్యాదులు కూడా వస్తున్నాయి. కడుపుతో ఉన్న మనిషివి, కూర్చుని చదువు.

ఈ కాలంలో ఉత్తరమేమిటి అంటావేమో. ఫోను చెవిలో పెట్టుకుంటే అవతల ఎవరో చేటలో బియ్యం చెరుగుతున్నట్టు ఉంటుంది నాకు. పోనీ వాట్సాప్‌లో రాసుకుందామంటే ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నీ అత్త కొంగున ఉంటుంది. దాంట్లోకి ఏది వచ్చినా పంకజాక్షి ముందు చదివి, నాకు చెప్పదగిందని తనకు తోచినంత మటుకు చెబుతుంది. అందుకని ఇది. నీ జవాబు పోస్టాఫీసులోనే ఉంచమని పోస్టుమాస్టరమ్మతో చెప్పి వచ్చాను. "ఈ వయసులో ఎవురికి తాతా, దొంగతనంగా ఉత్తరాలు?" అని నవ్వింది. నవ్వనీ.

సంగతేమంటే, కొన్నాళ్లుగా విరేచనంలో రక్తం పడుతుంటే నన్ను తిరుపతిలో నువ్వు చదువుకున్న ఆసుపత్రికే తీసుకుపోయారు. కెమెరా పంపి చూశారు. ఏ దారిన పంపారో డాక్టరువి, నీకు వేరే చెప్పాలా. పెద్దపేగులో గడ్డ ఉంది. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చింది. డాక్టరు ఆ మాటను ఇంగ్లీషులో అన్నాడు, నీ అత్త తెలుగులో ఏడ్చింది. ఇంకా వేరే చోటికి పాకినట్టు లేదని, ఆ పేగు ముక్క కోసి తీసేస్తే బతుకుతానని, ఆలస్యం చేస్తే మాత్రం పేగు మూసుకుపోతుందని చెప్పి పంపారు.

ఇక అసలు విషయానికి వస్తాను. మన ఊరి తిరునాళ్ల భారతం, ఆ వేషాలూ గుండమూ అన్నీ ఈ నెలలోనే. ఈసారి అర్జునుడు మునికుమార్, నేను తయారు చేసిన పిల్లవాడే. గొంతు ఉంది, కాళ్లు లేవు. తపస్సు మాను ఎక్కడమంటే ఏమనుకున్నాడో! తాటిచెట్టంత నిలువు మాను, మెట్టు మెట్టుకీ ఒక పద్యం. కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు, పైనుంచి నువ్వు విసిరే నిమ్మకాయ కోసం. కాలు వణికితే పద్యం వణుకుతుంది. పద్యం వణికితే కింద వాళ్ల ఆశ వణుకుతుంది. ధనంజయ అని పేరు పెట్టించుకున్న పాపానికి ముప్పై ఏళ్లు అర్జునుణ్ణి మోసినవాణ్ణి, నాకు తెలుసు. కడపటి రోజు నిప్పుల గుండం కూడా అందరికంటే ముందు నేనే తొక్కేవాణ్ణి. మీ అమ్మ చంకనెక్కి నువ్వు చూడలేదా?

ఆ, ఇంకొక చిన్న మాట. నువ్వు మత్తు డాక్టరువి కదా. మత్తు ఇవ్వకుండా, మనిషి మేలుకొని ఉండగానే ఇటువంటి ఆపరేషన్ చేసే పద్ధతి ఏదైనా ఉందా? ఊరికే అడుగుతున్నాను.

మీ ఆయన్ను అడిగినట్టు చెప్పు.

మామ
ధనంజయ

*

విశాఖపట్నం,
8 జూన్ 2024.

మామకు లోహిత నమస్కారాలు.

నీ ఉత్తరంలో గడ్డ సంగతి అయిదారు వాక్యాలు, తపస్సు మాను సంగతి పేజీన్నర. నాకేమో ఆ అయిదారు వాక్యాలే కళ్లముందు తిరుగుతున్నాయి. డ్యూటీ రూంలో కూర్చుని చదువుతుంటే మా సిస్టర్ "ఏంటి డాక్టరమ్మా, కళ్లలో ఆ నీళ్లు?" అంది. కడుపుతో ఉన్నవాళ్లకు మామూలే అని తప్పించుకున్నాను.

ఉన్నపళంగా బయల్దేరి వచ్చేయాలని ఉంది. కానీ ఎనిమిదో నెల, బీపీ కాస్త పెరిగింది, రైలెక్కితే ఊరుకోనని మా డాక్టర్ చెప్పేసింది. కాబట్టి కాగితం మీదనే నీ మంచం పక్కన కూర్చుంటాను.

నువ్వు ఊరికే అడిగినదానికి జవాబు: లేదు. నీకు చేసేంత పెద్ద ఆపరేషన్ మెలకువగా ఉండగా చేయరు. ఎందుకు అడిగావో కూడా నాకు తెలుసు. మత్తు ఇస్తే మళ్లీ లేవనేమోనని. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామందికి అదే భయం, అందరూ నీలాగే చివర్లో, ఊరికే అన్నట్టు అడుగుతారు. మామా, లేస్తావు. నువ్వు నిద్రలో ఉన్నంతసేపూ మాలాంటి ఒకరు నీ తల దగ్గర కూర్చుని నీ ఊపిరీ నాడీ చూస్తూ ఉంటారు. ఆ ఆసుపత్రిలో మత్తు ఇచ్చేది సలావుద్దీన్ సార్. నాకు పాఠం చెప్పినవాడు. ఆయన చేతిలో నిద్రపోయినవాళ్లు లేచి ఆయన్నే విసుక్కుంటారు, మంచి నిద్ర చెడగొట్టావని.

ఇక నొప్పి గురించి నీకు నేను చెప్పేదేముంది? నిప్పులు తొక్కిన మనిషివి. అందరికీ చెప్పుకుంటాను, మా మామకు నొప్పి అంటే తెలియదని.

తేదీ ఎప్పుడిచ్చారు? భారతం, మాను, మునికుమార్ కాళ్లు ఇవేవీ అడ్డం పెట్టకు. అత్తకు తెలియకుండా ఈ ఉత్తరాలు ఎందుకో నాకింకా అర్థం కాలేదు, అయినా నీ మాట మీద ఉంటాను.

నీ
లోహిత

*

వడమాలపేట,
14 జూన్ 2024.

చిరంజీవి లోహితకు,

నీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీదనే చదివాను. చక్కగా రాశావు. ఒక్కటే పొరపాటు. మెలకువ రాదని కాదమ్మా నా భయం. వస్తుందని.

ఈ మాట రాయడానికి చాలా కాగితాలు చించాను. నీ అత్త పొయ్యి అంటించుకోవడానికి పనికొచ్చాయనుకో.

మన గుండం సంగతి నీకు పైపైన తెలుసు, లోపలిది చెబుతాను. గుండంలో ఎవరికీ కాలు కాలదు. కాలిందంటే నిష్ఠ తప్పినట్టు. కంకణం కట్టుకుని తినరానిది తిన్నాడు, లేకపోతే అనుకోరానిది అనుకున్నాడు అంటారు. అందుకని ఎవరికీ కాలదు. దాటి అవతల గట్టుకు వచ్చినవాణ్ణి "ఎట్లుండాదప్పా?" అని అడుగుతారు. "పూల మీద నడిచినట్టుండాది" అనాలి. నేనూ అదే అన్నాను, మా ముందువాళ్లూ అదే అన్నారు. గుండం ఆరేలోపల ఆ మాట ఎన్ని నోళ్లలో వినబడుతుందో! బొబ్బలెక్కిన కాళ్లను పంచె అంచు కింద దాచుకుని మరీ అంటారు.

పోయిన ఏడాది చిత్తూరులో పిత్తాశయంలో రాళ్లని నాకు ఆపరేషన్ చేశారు కదా. పొట్ట మీద మూడే చిల్లులు, ఎల్లుండికల్లా ఇంటికి పోవచ్చన్నారు. మత్తు ఇచ్చినంతసేపూ ఎక్కడున్నానో తెలియలేదు, హాయి. ఆ తర్వాత ఎవరో తలుపు తీసి నన్ను పొయ్యిలోకి తోసినట్టు మెలకువ వచ్చింది. లోహితా, చిల్లులు పొట్ట మీద. నొప్పి చిల్లులు లేని చోట కూడా. తొడ మీద దుప్పటి అంచు తగిలితే కత్తి గీసినట్టు ఉంది. ఎవరో మంచాన్ని ఆనుకుంటే ఆ కదలిక పళ్లలోకి వచ్చింది. ఒళ్లు నాది కాదు, ఒలిచిన పండు.

నర్సమ్మ వచ్చింది. "తాతా, నొప్పి పదికి ఎంత?" అని అడిగింది. సరిగ్గా ఆ సమయానికి మునికుమార్, మన మేళంవాళ్లు బత్తాయిలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. అర్జునుడు ఏమంటాడోనని చూస్తున్నారు. నేను "రెండు" అన్నాను. నర్సమ్మ రాసుకుంది. "గట్టి మనిషి!" అని వెళ్లిపోయింది. ఆ పగలంతా మళ్లీ మళ్లీ వచ్చి అడుగుతూనే ఉంది, నేను రెండంటూనే ఉన్నాను. ఒకసారి రెండన్నాక మూడుకి దిగడం ఎట్లా?

ఆ రోజు నాకొక ఆలోచన వచ్చింది. కిటికీ దగ్గరే ఉంది, మూడో అంతస్తు, అని. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈసారి కోసేది చిల్లులు కాదు, పొట్ట. అందుకని ఆపరేషన్ జూలై మూడుకి వేయించుకున్నాను. భారతం ముగిసి దుర్యోధనుడు పడేదాకా ఆగమని డాక్టరుతో అన్నాను. ఆయన నవ్వాడు కానీ, గడ్డ ఆగుతుందా అని అడిగాడు. అసలు ఒప్పుకోకుండా ఉండిపోతే ఎట్లా ఉంటుందా అని కూడా చూస్తున్నాను.

పొయ్యి దగ్గర నుంచి నీ అత్త పిలుస్తోంది. కాగితం మడుస్తున్నాను.

ధనంజయ

*

విశాఖపట్నం,
19 జూన్ 2024.

మామా,

కిటికీ అన్న మాట దగ్గర ఆగిపోయి చాలాసేపు ముందుకు చదవలేకపోయాను. ముందు నీ కాళ్లకు దండం పెట్టి ఒకటి అడుగుతున్నాను: ఒప్పుకోకుండా ఉండిపోవడం అనే మాట మళ్లీ రాయకు. పేగు మూసుకుపోతే వచ్చే నొప్పికి పదీ సరిపోదు.

రెండోది. నాకు కోపం వచ్చింది. "రెండు" అని చెప్పినందుకు నీ మీద. "మా మామకు నొప్పి తెలియదు" అని ఊరంతా చెప్పుకున్నందుకు నా మీద.

మూడోది ముఖ్యం. దుప్పటి తగిలితే కత్తిలా ఉంది, చిల్లులు లేని చోట కూడా నొప్పి అని రాశావే, అది నీ పిరికితనం కాదు. నా దగ్గర ఆ ఆసుపత్రి కాగితాలు లేవు, కాబట్టి ఇది నా ఊహ అనుకో. ఆపరేషన్ జరిగేటప్పుడు నొప్పి ఒంటికి తెలియకుండా మేము ఇచ్చే మందులు ఒక రకం కావు. కొన్ని మన బోరు నీళ్లలాంటివి. కరెంటు ఉన్నంతసేపు కాలువ నిండా పారతాయి, మోటరు ఆగిన కాసేపటికే కాలువ ఎండిపోతుంది. రెమిఫెంటానిల్ అని ఒకటుంది, అది అచ్చంగా అంతే. మనిషి చప్పున తెలివిలోకి వస్తాడని వాడతారు. మంచి మందే. కానీ అది ఆగేలోపల ఇంకో మందు అందుకోవాలి. పైగా అది ఎక్కువగా పారించాక ఆపితే, కొందరికి ఒళ్లు మునుపటికంటే ఎక్కువ బెదురుతుంది. తడిసి ఎండిన నల్లరేగడి ఎట్లా నెర్రెలు విచ్చుతుందో అట్లా. తాకరానిది తాకినట్టు ప్రతిదీ నొప్పిగా తోస్తుంది. అందరికీ జరగదు, ఎంత మోతాదుకు జరుగుతుందో మాలో మాకే ఇంకా వాదన.

ఇంకొన్ని మందులు వాన తడిలాంటివి. నిదానంగా ఇంకి, వాన వెలిసిన తర్వాత కూడా నేలలో ఉంటాయి. మార్ఫిన్ అటువంటిది. ఆ తడి నీకు అప్పుడు అందలేదు. అందించడానికే నర్సమ్మ పదికి ఎంత అని అడిగింది. నువ్వు రెండన్నావు.

ఇవన్నీ ఒకే ఇంటి మందులు మామా, నల్లమందు కుటుంబం. ఎవరిని ఎప్పుడు పిలవాలో తెలియడమే మా పని. సలావుద్దీన్ సార్‌తో మాట్లాడతాను, నువ్వు సరే అంటే. మత్తుకు ముందు చేసే పరీక్షకు పిలిచినప్పుడు చిత్తూరులో జరిగిందంతా ఆయనతో చెప్పు. దాచకుండా.

కోపంగానే,
లోహిత

*

వడమాలపేట,
25 జూన్ 2024.

చిరంజీవి లోహితకు,

బోరు నీళ్లు, వాన తడి చదివి సంతోషించాను. నీలో మన మన్ను ఇంకా ఉంది. ఆ తర్వాత "నల్లమందు కుటుంబం" దగ్గరికి వచ్చాను. ఆ కుటుంబంతో నాకు పాత పరిచయం.

మాకు భారతం నేర్పిన గురప్ప వాద్యారు పేరు నువ్వు విని ఉంటావు. అంత గొంతు నేను మళ్లీ వినలేదు. వెన్నునొప్పికని ఎవరో కందిగింజంత నల్లమందు అలవాటు చేశారు. కందిగింజ కాస్తా శనగగింజ అయింది, ఆ తర్వాత రేగుపండు. ఒకసారి ధర్మరాజు వేషంలో జూదమాడుతూ, తను ఏమి ఒడ్డాడో మరిచిపోయి శకునినే అడిగాడు. "ఏందప్పా, ఇప్పుడు నేను ఏం పెట్టినాను?" అని. జనం నవ్వారు. శకుని కూడా నవ్వాడు. నేను అర్జునుణ్ణి, తల వంచుకుని నిలబడ్డాను. ఆ మందు దొరక్కుండా పోయిన రోజుల్లో ఆయన పుత్తూరు స్టేషను ప్లాట్‌ఫారం మీద ముడుచుకుపోయి ఏడుస్తుంటే చూశాను. ఒంటి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. "తాకొద్దురా ధనంజయా, మంటలురా" అన్నాడు. నువ్వు రాసిన నెర్రెల నేల సంగతి చదవగానే నాకు ఆ ప్లాట్‌ఫారమే కనబడింది.

నాకు ఇంకేమీ మిగల్లేదు లోహితా. చెవులు పోయాయి, కాళ్లు పోయాయి. పద్యాలు ఉన్నాయి. అవి పోగొట్టుకుని బతకడం దేనికి?

అందుకని నేనే ఒక ఉపాయం చేశాను. మొన్న పరీక్షకు పిలిస్తే వెళ్లాను. సలావుద్దీన్ సార్ లేడు, ఒక చిన్న డాక్టరు ఉన్నాడు. ఏ మందులైనా పడవా అని అడిగాడు. "నల్లమందు జాతి ఏదీ పడదు సార్. ఒకసారి ఇస్తే ఒళ్లంతా దద్దుర్లు లేసి, గొంతు మూసుకోని, సావు దాకా పొయ్యొచ్చినాను" అన్నాను. ముప్పై ఏళ్లు వేషం కట్టినవాణ్ణి, ఎంత బాగా చెప్పి ఉంటానో ఊహించుకో. ఆ పిల్లవాడు బెదిరిపోయి ఎర్ర సిరాతో పెద్ద అక్షరాలు రాశాడు. ఆసుపత్రిలో చేరినప్పుడు చేతికి ఎర్ర పట్టీ కూడా కడతారని చెప్పాడు. భారతంలో పసుపు కంకణం, ఇక్కడ ఎర్ర కంకణం. చిత్తూరు సంగతి చెప్పలేదు. చెప్తే ఆ ఇంటి మందులే ఇంకా ఎక్కువ ఇస్తారేమోనని.

మందు లేకుండా నొప్పిని ఎట్లా ఓర్చుకోవాలో మాత్రం తెలియడం లేదు. పద్యాలు చదువుకుంటాను.

ఆశీస్సులతో,
మామ

*

విశాఖపట్నం,
28 జూన్ 2024.
స్పీడ్ పోస్టు

మామా, ఈ ఉత్తరాన్ని పక్కన పెట్టకుండా చివరిదాకా చదువు.

నువ్వు చేసింది ఉపాయం కాదు. నీకోసం అనుకున్నదంతా ఆ ఎర్ర అక్షరాలు కొట్టిపారేశాయి. సలావుద్దీన్ సార్‌కు ఫోన్ చేశాను. నువ్వు సరే అనకముందే చేశానని తిట్టుకో. ఆయన అనుకున్నది ఇది: ఆపరేషన్ నడుస్తుండగానే నిదానంగా ఇంకే మందు మొదలుపెట్టడం, వెన్నులో సన్నటి గొట్టం పెట్టి దాంట్లోంచి రవంత మార్ఫిన్ ఇవ్వడం. ఇప్పుడవి రెండూ ఇవ్వలేడు. "మా మామ అబద్ధం చెప్పాడు సార్" అన్నాను. "నువ్వు చెప్పినావని నేను ఆ ఎర్ర రాత కొట్టెయ్యలేనమ్మా. నిజంగానే ఎప్పుడన్నా దద్దుర్లు వచ్చినాయేమో నీకేం తెలుసు? ఆయన నోటితో రావాల" అన్నాడు. ఆయన చెప్పింది సరైనదే. నేనైనా అదే అంటాను.

గురప్ప వాద్యారు కథ నన్నూ ఏడిపించింది. అది అబద్ధమని అనను. ఆ మందుకు ఆ గుణం ఉంది. కానీ ఆయనకు ఎవరూ కొలిచి ఇవ్వలేదు, ఎవరూ పక్కన కూర్చుని చూడలేదు, ఎవరూ తగ్గించి ఆపలేదు. నీకు కొన్నాళ్లే, కొలిచి, రోజూ చూసి, తగ్గించి ఆపేస్తారు. ఆ కొలత దేనితో కొలుస్తారనుకున్నావు? నువ్వు చెప్పే అంకెతో. వేరే తక్కెడ మా దగ్గర లేదు మామా. నువ్వు తప్పు అంకె చెబితే మా చదువంతా దండగ.

పొట్ట కోసిన మనిషి నొప్పికి గట్టిగా ఊపిరి తీయలేడు, దగ్గలేడు, లేచి నడవలేడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. నీ వయసువాళ్లు గడ్డ వల్ల కాకుండా దానివల్ల పోవడం చూశాను. ఒక పేషెంటుకైతే ఇది ఒక్క మాటలో చెప్పేస్తాను. నీకు రాయడానికి ఇది మూడో కాగితం.

అత్తకు ఫోన్ చేసి ఒక్క మాట చెబితే అయిపోయేది. నీకిచ్చిన మాట కోసం చేయలేదు. కానీ నువ్వు ఆసుపత్రిలో చేరిన రోజు సాయంత్రం లోపల సార్‌తో నిజం చెప్పకపోతే చేస్తాను. నన్ను ఎంత తిట్టుకున్నా సరే.

నాకు వచ్చే నెలాఖరుకు కాన్పు. నాకూ భయంగానే ఉంది, రోజూ పదిమందికి ధైర్యం చెప్పి ఇంటికి వచ్చి పడుకుని భయపడతాను. నువ్వు లేకుండా ఆ బిడ్డకు తపస్సు మాను సంగతి చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

లోహిత

*

తిరుపతి, ఆసుపత్రి నుంచి,
11 జూలై 2024.

చిరంజీవి లోహితకు,

బతికే ఉన్నాను. ఆ ముక్క మొదటే చెప్పేశాను కాబట్టి ఇక మిగతాది నా దారిన చెప్పనియ్యి. అక్షరాలు వంకర పోతే కంగారుపడకు, నీ అత్త తెచ్చిన ఇడ్లీ డబ్బా మూత మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

నీ స్పీడ్ పోస్టు అందింది. జేబులో పెట్టుకుని ఆసుపత్రిలో చేరాను. చేతికి ఎర్ర పట్టీ కట్టారు. సాయంత్రం సలావుద్దీన్ సార్ వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నాకు చెవులు లేవని నువ్వు చెప్పి ఉంటావు, వార్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా వినబడేటట్టు అడిగాడు.

"ఏం పెద్దాయనా, నల్లమందు మీకు పడదా, లేకుంటే భయమా?"

పక్క మంచం మనిషి లేచి కూర్చున్నాడు. ఊడ్చే ఆవిడ చీపురు ఆపింది. నీ అత్త నా కాళ్ల దగ్గర బత్తాయి ఒలుస్తూ ఉంది. నేను నోట్లోనే "భయం" అన్నాను.

"గట్టిగా చెప్పండి, ఈ ఫ్యాను శబ్దంలో నాకేం ఇనపడలా."

"భయమప్పా, భయం! అందురూ ఇన్యారా? నాకి భయం!"

ముప్పై ఏళ్లు మాను మీద నిలబడి అరిచాను, ఏనాడూ అంత దూరం వినబడి ఉండదు. ఆయన నవ్వలేదు. జేబులోంచి కత్తెర తీసి ఆ పట్టీ కత్తిరించాడు. మేము కంకణం విప్పాలంటే పాలు పోయాలి, మంత్రం చదవాలి. ఈయనకు కసుక్కుమని ఒక్క చప్పుడుతో అయిపోయింది. అప్పుడు చిత్తూరు సంగతి మొత్తం చెప్పాను, దుప్పటి, కిటికీ సహా. నీ అత్త వింటూనే బత్తాయి తొనలు ఒలిచి ఒలిచి గింజలు కూడా తీసి పెట్టింది. వాటిని నేను తినకూడదని చెప్పినా ఒలుస్తూనే ఉంది.

మెలకువ వచ్చింది. ఆపరేషన్ అయిపోయిందని తెలుసు, కళ్లు తెరవలేదు. తెరిస్తే అది మీద పడుతుందని. ఎక్కడ దాక్కుందా అని ఒళ్లంతా వెతికాను. కాలు వేలు కదిపాను. దుప్పటి తగిలింది. అది దుప్పటే. నమ్ముతావో లేదో, నాకు ఏడుపు వచ్చింది. సబియా అని ఒక నర్సమ్మ, కంగారుపడి వంగి "తాతా, నొప్పా? పదికి ఎంత?" అంది. ఉన్నది చెప్పాను. "మూడు." "మూడుకే ఏడుస్తారా ఎవురన్నా?" అంది. నువ్వు చెప్పు ఆ పిల్లకు.

మూడు ఎప్పటికీ మూడుగా ఉండదు. మర్నాడు లేపి నడిపించారు. పొట్ట లోపల ఎవరో ముడి వేసి లాగినట్టు ఉంది. సరిగ్గా అప్పుడే మునికుమార్ వచ్చాడు, చేతిలో మళ్లీ బత్తాయిలు. వాడికి బత్తాయిలు తప్ప వేరే పండు తెలియదు. సబియా అడిగింది. నేను వాడి ముఖం చూశాను. "ఏడు" అన్నాను. ఆమె వెంటనే పోయి మందు తెచ్చింది.

వాడు బిత్తరపోయాడు. "అదేంది వాద్యారే, గుండం తొక్కినోడివి, ఏడంటావే!"

"పోయిన నెల నువ్వూ తొక్కినావు గదరా. నీకెంత?"

వాడు వెనక్కి తిరిగి గుమ్మంలో ఎవరూ లేరని చూసుకున్నాడు. "ఆరుంటాది వాద్యారే. యాడా సెప్పొద్దు" అన్నాడు.

అప్పుడు నోరు తెరిచింది నీ అత్త. "మాకేమో తెలీదనుకున్యారు మీరంతా. ఏటేటా గుండం అయినాంక ఈయప్ప పండుకుంటే కాళ్లకు కలబంద రాసింది ఎవురు? నిద్దరపోయినట్టు పండుకోనుంటాడు, నేనూ నిద్దరపోయినాడనే రాసేదాన్ని."

లోహితా, ఆ కలబంద చల్లదనం నాకు తెలుసు. ప్రతి ఏడూ కళ్లు మూసుకుని ఎదురుచూసేవాణ్ణి. ఎన్నడూ కాలు కదపలేదు, కదిపితే కాలిందని ఒప్పుకున్నట్టు అవుతుందని.

మందు తగ్గిస్తూ వస్తున్నారు. రోజూ పొద్దున్నే ద్యూతఘట్టం మొదటి నుంచి చదువుకుని చూస్తున్నాను. ఏదీ పోలేదు. ఎవరు ఏమి ఒడ్డారో అన్నీ గుర్తున్నాయి.

గడ్డ తీసేశారు. దాని చుట్టూ తీసిన ముక్కలు పరీక్షకు పోయాయి. అది పాకిందా లేదా అన్నది వచ్చే వారం చెబుతారు. డాక్టరు ముఖంలో ఏమైనా కనబడుతుందా అని ఆయన వచ్చినప్పుడల్లా చూస్తున్నాను. నటుణ్ణి కదా, ముఖాలు చదవగలను. ఈయన ముఖం మీద ఏమీ రాయలేదు. ఇక్కడ పూటపూటా వచ్చి నొప్పి పదికి ఎంత అని అడుగుతారు. భయం పదికి ఎంత అని ఎవరూ అడగరు. నువ్వు అడిగావనుకుని చెబుతున్నాను. ఆరు. నీ ఉత్తరాలు రాకముందు ఎంతో అడగవద్దు.

నీ కాన్పులో నిన్ను ఎవరైనా అడిగితే, డాక్టరమ్మవని ముఖం చూసుకోకుండా, ఉన్నంత చెప్పు. పూల మీద నడిచినట్టుందని అనవద్దు.

మామ
ధనంజయ

లోహితా, మీ మామని నర్సు నడిపించుకోని వరండాలోకి పోయింది. కాగితం డబ్బా మీదనే పెట్టి పోయినాడు. నేను సదవాలనే పెట్టినాడు, నాకి తెలుసు. ఆయనకి ఆరంట. నన్నెవురూ అడగలా. తొమ్మిది.
అత్త పంకజాక్షి